వార్డరుకూ ఒక సంఘం: పుట్టుపూర్వోత్తరాలు

1773లో ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌కు షెరీఫ్‌గా వచ్చిన జాన్ హోవర్డ్ ఆ జిల్లా జైలుకు వెళ్లి చూస్తే, కోర్టు నిర్దోషులని తేల్చినవాళ్లు కూడా లోపలే మగ్గుతున్నారు. జైలరుకు కట్టాల్సిన రుసుము వాళ్ల దగ్గర లేకపోవడమే అందుకు కారణం. అప్పట్లో జైలరుకు ప్రభుత్వం జీతం ఇచ్చేది కాదు. విడుదలకు ఇంత, సంకెళ్లు తేలిక చేయడానికి ఇంత, కాస్త మెరుగైన గదికి ఇంత అని లోపలివాళ్ల దగ్గర వసూలు చేసుకోవడమే అతని బతుకుతెరువు. రుసుములు ఎత్తేసి జైలరుకు జీతం ఇవ్వండని హోవర్డ్ జిల్లా మేజిస్ట్రేట్లను కోరాడు. ఇంకెక్కడైనా అలాంటి ఆనవాయితీ ఉంటే చూపించమన్నారు వాళ్లు. దాన్ని వెతుక్కుంటూ పొరుగు జిల్లాల జైళ్లు చూడటం మొదలుపెట్టిన మనిషి చివరికి దేశమంతా తిరిగి, 1777లో ‘ది స్టేట్ ఆఫ్ ది ప్రిజన్స్’ అనే గ్రంథం ప్రచురించాడు. నిర్దోషిగా తేలినవారి నుంచి రుసుము గుంజకూడదని పార్లమెంటు 1774లోనే చట్టం చేసింది. రుసుముల పద్ధతి మొత్తానికి 1815లో రద్దయింది. ఆధునిక జైలు సంస్కరణ చరిత్ర తిరగేస్తే తొలి మెట్లలో ఒకటిగా కనిపించేది ఇదే, కాపలావాడికి నికరమైన జీతం.

ఈ మొదలు తెలిస్తేగాని జైలు సిబ్బంది సంఘాల కథ అర్థం కాదు. ఖైదీ బాగు వేరు, కాపలావాడి బాగు వేరు, ఒకటి పెరిగితే రెండోది తరుగుతుంది అనే భావన మనలో బలంగా ఉంది. హోవర్డ్ చూసింది అందుకు పూర్తిగా భిన్నం. కాపలావాడి బతుకు గాలిలో దీపంలా ఉంటే ఆ భారం వచ్చిపడేది ఖైదీ నెత్తినే. ఖైదీకి జైలు నివాసం, వార్డరుకు అదే పనిచేసే చోటు. గోడలు, గాలి, రోగాలు, రద్దీ ఇద్దరికీ ఉమ్మడివే. అందుకే వార్డరుకు చట్టబద్ధమైన సంఘం, ఆ సంఘానికి ప్రభుత్వంతో కూర్చుని మాట్లాడే హక్కు ఉండటం జైలు సంస్కరణలో విడదీయరాని భాగమని ఈ వ్యాసం వాదన. ఆ గొంతు నొక్కిన ప్రతిచోటా అది ఏదో ఒక రూపంలో మళ్లీ పైకి లేచింది, చాలాసార్లు మునుపటికంటే ప్రమాదకరంగా లేచింది. దానికి అదుపు లేకుండా వదిలేసిన చోట ఖైదీ నష్టపోయాడు. ఈ రెండు పాఠాలూ చరిత్రలో పక్కపక్కనే ఉన్నాయి.

సంఘం ఆలోచన పుట్టడానికి ముందు సిబ్బంది అంతా ఒకే యజమాని కిందికి రావాలి. బ్రిటన్‌లో అది 1877 జైళ్ల చట్టంతో జరిగింది. అంతవరకు స్థానిక మేజిస్ట్రేట్ల చేతుల్లో ఉన్న జైళ్లన్నీ 1878 నుంచి ప్రిజన్ కమిషన్ కిందికి వచ్చాయి. దాని అధిపతి ఎడ్మండ్ డుకేన్ సైన్యంలో ఇంజినీరు. ఆయన హయాంలో జైలు అంటే పటాలం క్రమశిక్షణ. ఖైదీకి ఎన్ని నిబంధనలో వార్డరుకూ దాదాపు అన్ని నిబంధనలు. యూనిఫాం, జైలు పక్కనే క్వార్టర్సు, సుదీర్ఘమైన డ్యూటీలు, చిన్న తప్పుకు జరిమానా, లోపలి విషయాలు బయట మాట్లాడకూడదనే ఆంక్ష. కష్టం చెప్పుకోవాలంటే ఒక్కొక్కరు విడిగా పై అధికారి ద్వారా అర్జీ పెట్టుకోవాలి, నలుగురు కలిసి సంతకం పెడితే అది ధిక్కారం. 1895లో గ్లాడ్‌స్టన్ కమిటీ ఆ కఠిన పద్ధతి మీద గట్టి విమర్శ చేసి, శిక్షతోపాటు మనిషిని బాగుచేయడం కూడా జైలు పని అని చెప్పింది. ఖైదీని మార్చే బాధ్యత వార్డరు భుజాన పడింది, తన పని గురించి నోరు విప్పే హక్కు మాత్రం అతనికి రాలేదు. ఆ లోటు 1910లో ‘ప్రిజన్ ఆఫీసర్స్ మ్యాగజైన్’ అనే పత్రికగా బయటపడింది. జైళ్ల నుంచి సంతకాల్లేని ఉత్తరాలు రావడం, అవి అచ్చులో పడటం, చేతులు మారుతూ మళ్లీ బ్యారక్‌ల దాకా చేరడం మొదలైంది. మొదటి సంఘానికి పునాది ఆ పత్రిక పాఠకులే.

ఆ పునాది మీద లేచిన తొలి కట్టడం పోలీసులతో ఉమ్మడిగా కట్టుకున్నది. ఉద్యోగం నుంచి తొలగించిన ఇన్‌స్పెక్టర్ జాన్ సైమ్ చొరవతో 1913లో మొదలైన పోలీసు సంఘంలో జైలు సిబ్బంది కూడా చేరారు. అదే నేషనల్ యూనియన్ ఆఫ్ పోలీస్ అండ్ ప్రిజన్ ఆఫీసర్స్. మొదటి ప్రపంచయుద్ధంలో ధరలు ఆకాశాన్నంటాయి, జీతాలు కదల్లేదు. 1918 ఆగస్టు 30న లండన్ పోలీసుల్లో అత్యధికులు విధులు మానేశారు. జీతం పెంపుతోపాటు సంఘంలో పనిచేసినందుకు తీసేసిన కానిస్టేబుల్ థీల్‌ను తిరిగి తీసుకోవాలని, సంఘాన్ని గుర్తించాలని అడిగారు. ప్రధాని లాయిడ్ జార్జ్ స్వయంగా చర్చలకు కూర్చుని జీతం, థీల్ ఉద్యోగం ఒప్పుకున్నాడు. గుర్తింపు మాట యుద్ధం ముగిశాక చూద్దామన్నాడు. యుద్ధం ముగిసింది, గుర్తింపు రాలేదు. పైగా సంఘాన్ని నిషేధించే బిల్లు వచ్చింది. 1919 ఆగస్టు మొదట్లో జరిగిన రెండో సమ్మె ప్రధానంగా లివర్‌పూల్‌ పరిసరాలకే పరిమితమైంది. లండన్‌లోని వర్మ్‌వుడ్ స్క్రబ్స్ జైలు సిబ్బంది కొందరు కూడా అందులో కలిశారు. సమ్మెలో దిగిన రెండు వేల మందికి పైగా పోలీసులూ, ఆ జైలు ఉద్యోగులూ కొలువులు పోగొట్టుకున్నారు, ఒక్కరినీ మళ్లీ తీసుకోలేదు. పోలీసులకు ఆ ఏడాదే చట్టం ద్వారా ఫెడరేషన్ ఇచ్చారు, జైలు సిబ్బందికి ఒక ప్రతినిధుల బోర్డు ఇచ్చి సరిపెట్టారు.

ఆ బోర్డు మాట్లాడగలదు, వినితీరాలన్న నియమం ఎవరికీ లేదు. ఇరవై ఏళ్లు అలాగే నడిచాక 1939లో ప్రిజన్ ఆఫీసర్స్ అసోసియేషన్ పుట్టింది. పీఓఏ అని నేటికీ పిలిచే ఈ సంఘానికి తొలి ప్రధాన కార్యదర్శి హార్లీ క్రోనిన్, జైలు సిబ్బందిలోంచి వచ్చినవాడే. తర్వాతి ఇరవై ఏళ్లకు పైగా సంఘం ఆయన చేతుల మీదుగా నడిచింది. సొంత సంఘం దొరికాక సిబ్బంది ఆందోళనలన్నీ సద్దుమణిగాయనుకోవడం పొరపాటు. అసలు చిక్కు పని గంటల్లో దాక్కుని ఉంది. జైళ్లలో ఖైదీల సంఖ్య పెరుగుతూ పోయింది, కొత్త నియామకాలకు బదులు ఉన్నవాళ్ల చేతనే అదనపు గంటలు పనిచేయించి ప్రభుత్వం నెట్టుకొచ్చింది. మూల జీతం తక్కువ, కుటుంబం గడిచేది ఓవర్‌టైమ్ మీద. దాంతో ఎన్ని గంటలకు ఎందరు మనుషులు ఉండాలి, అది ఎవరు నిర్ణయించాలి అన్నదే ప్రతి జైలులోనూ గొడవ. 1978లో ఆందోళనలు ముదిరితే జస్టిస్ మే నాయకత్వాన విచారణ సంఘం వేశారు, 1979లో నివేదిక వచ్చింది, మూలం మాత్రం అలాగే ఉంది. 1986 ఏప్రిల్ 30న సంఘం ఓవర్‌టైమ్ నిషేధానికి దిగేసరికి ఒక్క రాత్రిలో అనేక జైళ్లలో అల్లర్లు చెలరేగాయి, నార్త్‌ఐ జైలు చాలావరకు కాలిపోయింది. మర్నాడే సంఘం ఆందోళన ఆపేసింది. 1987లో ‘ఫ్రెష్ స్టార్ట్’ పేరుతో ఓవర్‌టైమ్ పద్ధతిని ఎత్తేసి మూల జీతాలు పెంచారు.

1986 రాత్రిని ఉదాహరణగా చూపి, సంఘం ఉంటే ఇదే జరుగుతుంది అనేవారు ఉన్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది, అందుకే దాన్ని కొట్టిపారేయకూడదు. జైలులో పని ఆగడం అంటే మిల్లులో మగ్గం ఆగినట్టు కాదు. గదుల తాళాలు తియ్యకపోతే మనుషులకు తిండి, మందు, ములాఖత్ ఆగిపోతాయి. కానీ ఒక్క రోజు ఓవర్‌టైమ్ ఆపితే కూలిపోయేంత వ్యవస్థను అంతకు ముందు పాతికేళ్లూ ఓవర్‌టైమ్ మీదే నిలబెట్టింది ఎవరన్న ప్రశ్న కూడా అడగాలి. నాలుగేళ్ల తర్వాత, సమ్మె ఏదీ లేని రోజుల్లో, మాంచెస్టర్‌లోని స్ట్రేంజ్‌వేస్ జైలు తిరగబడింది. 1990 ఏప్రిల్ 1న మొదలైన ఆ తిరుగుబాటు 25 రోజులు సాగింది. 970 మందికి కట్టిన జైలులో అప్పుడు 1,647 మంది ఉన్నారు. విచారణ జరిపిన లార్డ్ వుల్ఫ్ 1991 నివేదికలో భద్రత, అదుపు, న్యాయం మూడూ సమతూకంలో ఉండాలన్నాడు. ఆయన చేసిన ముఖ్యమైన సిఫార్సుల్లో జైలు ఉద్యోగి పాత్రను పెంచాలన్నది ఒకటి. ఖైదీల తిరుగుబాటు మీద వేసిన విచారణ కాపలావాడి గౌరవం దాకా వెళ్లి ఆగడం యాదృచ్ఛికం కాదు.

ప్రభుత్వం మాత్రం మరో దారి పట్టింది. 1952 జైళ్ల చట్టం ప్రకారం జైలు ఉద్యోగికి కానిస్టేబుల్ అధికారాలు ఉంటాయి. కాబట్టి అతన్ని పని మానమని ప్రోత్సహించడం చట్టవిరుద్ధమని 1993లో హైకోర్టు తేల్చింది. పీఓఏ అసలు కార్మిక సంఘమేనా అన్నదే సందేహంలో పడింది. 1994 క్రిమినల్ జస్టిస్ చట్టం ఒక చేత్తో సంఘానికి కార్మిక సంఘ హోదా తిరిగి ఇచ్చి, 127వ సెక్షన్‌తో రెండో చేత్తో సమ్మెకు పిలుపునివ్వడాన్ని నిషేధించింది. సమ్మె హక్కు తీసేస్తే దానికి బదులు ఏదో ఒకటి ఇవ్వాలి. 2001లో స్వతంత్ర జీతభత్యాల సమీక్షా మండలి ఏర్పాటైంది. 2005లో స్వచ్ఛంద ఒప్పందం కుదిరి నిషేధాన్ని పక్కన పెట్టారు. ఆ మండలి సిఫార్సు చేసిన పెంపును ప్రభుత్వం విడతలుగా వాయిదా వేసేసరికి 2007 ఆగస్టు 29న సంఘం చరిత్రలో తొలి జాతీయ సమ్మె జరిగింది. 2008లో నిషేధం మళ్లీ అమలులోకి వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది సమ్మె తప్పా ఒప్పా అన్నదొక్కటే కాదు. మధ్యవర్తి మాటను ప్రభుత్వమే పక్కన పెడితే సమ్మె నిషేధానికి నైతిక ఆధారం పోతుంది.

నిషేధం ఉన్నంత మాత్రాన జైళ్లు నెమ్మదించలేదు. 2010 తర్వాత పొదుపు చర్యల్లో ఇంగ్లండు, వేల్స్ జైళ్లలోని ముందువరస సిబ్బంది దాదాపు 25 వేల నుంచి 18 వేలకు దిగిపోయారు. అదే కాలంలో సిబ్బంది మీద దాడులు రెట్టింపుకు మించాయి, ఖైదీల ఆత్మహత్యలు, తమను తాము గాయపరచుకోవడాలు కూడా పెరిగాయి. అనుభవజ్ఞులు వెళ్లిపోతే మిగిలేది కొత్తవాళ్లు. ముఖం చూసి ఎవరు నలిగిపోతున్నారో పసిగట్టే కన్ను ఒక్క నెల శిక్షణతో రాదు. ఈ ప్రమాదం గురించి పీఓఏ ఏళ్లతరబడి చెబుతూ వచ్చింది. 2016 నవంబరులో వేలమంది ఉద్యోగులు విధులు మాని గేటు బయట నిలబడితే హైకోర్టు ఉత్తర్వుతో వెనక్కి పంపారు. మరుసటి నెలలో బర్మింగ్‌హామ్ జైలు అల్లర్లతో అట్టుడికింది. సంఘం చెప్పిన ప్రతి మాటా నిజమని దీనర్థం కాదు. జైలు లోపల ఏం కుళ్లుతోందో బయటికి ముందుగా తెలిపే దారుల్లో సిబ్బంది సంఘం ఒకటి అని మాత్రం అర్థం.

అమెరికా కథలో ఈ వాదనకు బలమైన సాక్ష్యమూ ఉంది, అంతే బలమైన అభ్యంతరమూ ఉంది. సాక్ష్యం ఆటికా. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆ జైలులో 1971 సెప్టెంబరు 9న ఖైదీలు సిబ్బందిని బందీలుగా పట్టుకున్నారు. నాలుగు రోజుల తర్వాత రాష్ట్ర పోలీసులు తుపాకులతో లోపలికి వెళ్లారు. మొత్తం 43 మంది చనిపోయారు. బందీల గొంతులు ఖైదీలే కోశారని అధికారులు మొదట ప్రకటించారు. ఆ దాడిలో బందీలు పోయింది లోపలికి వెళ్లిన బలగాల తూటాలకేనని శవపరీక్షలో తేలింది. చనిపోయిన ఉద్యోగుల భార్యలకు ప్రభుత్వం నుంచి నష్టపరిహారం చెక్కులు వచ్చాయి. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ చెక్కు మార్చుకోక తప్పదు. మార్చుకున్నాక తెలిసింది, అందువల్ల ప్రభుత్వం మీద దావా వేసే హక్కు పోయిందని. పక్కన కూర్చుని ఇది సంతకం పెట్టవద్దమ్మా అని చెప్పే మనిషి వాళ్లకు లేకపోయాడు. ఆ కుటుంబాలు తామే ఒక బృందంగా ఏర్పడి పోరాడితే 2005లో, అంటే 34 ఏళ్లకు, 1.2 కోట్ల డాలర్ల పరిష్కారం దొరికింది. ప్రాతినిధ్యం అనే మాటకు అసలు అర్థం ఇక్కడ కనిపిస్తుంది. ఆటికా ఖైదీల డిమాండ్లలో నల్లజాతి, స్పానిష్ మాట్లాడే ఉద్యోగులను నియమించాలన్నది కూడా ఉంది. గోడకు రెండువైపులా ఉన్నవాళ్లకు కాపలా ఉద్యోగం ఎవరు, ఎలా చేస్తారన్నది ఎంత ముఖ్యమో ఆ ఒక్క డిమాండు చెబుతుంది.

అభ్యంతరం కాలిఫోర్నియా. 1957లో చిన్న సంఘంగా మొదలైన అక్కడి జైలు ఉద్యోగుల సంఘం, 1980 నుంచి 2002 వరకు డాన్ నోవీ అధ్యక్షతన, రాష్ట్ర రాజకీయాల్లో ఎవరూ కాదనలేని శక్తిగా ఎదిగింది. ఎన్నికలకు విరాళాలు ఇచ్చింది, బాధితుల హక్కుల సంస్థలకు అండగా నిలిచింది, మూడో నేరానికి యావజ్జీవం దాకా శిక్ష వేసే 1994 నాటి చట్టానికి మద్దతు పలికింది. 1980లో పాతిక వేలకు అటూఇటూగా ఉన్న ఖైదీల సంఖ్య 2000 నాటికి లక్షా అరవై వేలకు చేరింది. ఖైదీలు పెరిగితే పోస్టులు పెరుగుతాయి, పోస్టులు పెరిగితే చందాలు పెరుగుతాయి. మనుషుల నిర్బంధం మీద సంఘం లాభపడటం ఘోరమని విమర్శకులు అన్నారు. అది న్యాయమైన విమర్శే. అయితే ఆ పెరుగుదలకు మూలం ఓటర్లు, శాసనసభ, గవర్నర్లు తీసుకున్న నిర్ణయాల్లో ఉంది, సంఘం ఆ గాలికి తోడు ఊదింది. తర్వాత జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. రద్దీ భరించలేని స్థాయికి చేరి, ఖైదీలకు వైద్యం అందడం లేదని కేసు నడిచినప్పుడు, అదే సంఘం ఖైదీల పక్షాన కక్షిదారుగా చేరింది. 2011లో బ్రౌన్ వర్సెస్ ప్లాటా తీర్పులో సుప్రీంకోర్టు ఖైదీల సంఖ్య తగ్గించాల్సిందేనంది. ఎక్కువమందిని జైల్లో వెయ్యమన్న సంఘమే చివరికి ఎక్కువమంది ఉంటే మా సభ్యులకూ ప్రాణగండమని ఒప్పుకుంది.

న్యూయార్క్ నగరం చూపే అభ్యంతరం మరో రకంది. రైకర్స్ ద్వీపంలోని జైళ్ల సిబ్బందికి ప్రాతినిధ్యం వహించే సంఘాన్ని 1995 నుంచి 2016 వరకు నార్మన్ సీబ్రూక్ నడిపాడు. సభ్యుల సొమ్ము 2 కోట్ల డాలర్లను ఒక పెట్టుబడి సంస్థలో పెట్టించినందుకు 60 వేల డాలర్ల లంచం తీసుకున్నాడని 2018లో జ్యూరీ తేల్చింది, మరుసటి ఏడాది జైలుశిక్ష పడింది. అదే ద్వీపంలో సిబ్బంది బలప్రయోగం మీద నడిచిన కేసులో 2015లో కోర్టు పర్యవేక్షణ మొదలై, పరిస్థితి చక్కబడక 2024 చివర నగరాన్ని ధిక్కార దోషిగా ఫెడరల్ న్యాయమూర్తి ప్రకటించారు. రాష్ట్ర జైళ్లలో 2025 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా తీవ్రమైనది. ఒక ఖైదీని సిబ్బంది కొట్టి చంపిన వీడియో దేశమంతా చూసి రెండు నెలలు తిరగకముందే, సంఘం అనుమతి లేకుండానే వేల మంది ఉద్యోగులు విధులు మానేశారు. 24 గంటలపాటు వదలకుండా చేయించే డ్యూటీలు వాళ్ల ఫిర్యాదు. ఒంటరి నిర్బంధాన్ని 15 రోజులకు మించనివ్వని చట్టాన్ని నిలిపేయాలన్నది డిమాండు. సమ్మె మూడు వారాలు సాగింది, నేషనల్ గార్డు వచ్చి జైళ్లు కాసింది, రెండు వేల మందికి పైగా ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వరసగా ఇరవై నాలుగు గంటలు డ్యూటీ చెయ్యాల్సి రావడం నిజమైన కష్టం. ఖైదీకి ఉన్న కాస్త రక్షణను తీసెయ్యమనడం దానికి మందు కాదు. ఒకే గొంతులో న్యాయం, అన్యాయం రెండూ కలిసి వినిపించినప్పుడు వాటిని విడదీసే యంత్రాంగం కావాలి. గొంతును మూసెయ్యడం ఆ పని చెయ్యదు.

ఈ ఉదాహరణల నుంచి కొందరు సంఘాలే వద్దనే ముగింపుకు వస్తారు. కానీ కొట్టినవాడిని కాపాడటం, తోటివాడి తప్పును దాచడం సంఘంతో పుట్టిన జబ్బులు కావు. సంఘాలు లేని చోట కూడా ఖైదీలు కస్టడీలో చనిపోతున్నారు, సాక్షులు నోరు విప్పడం లేదు. సంఘం అనేది కనిపించే వేదిక. దాని ఖాతాలు తనిఖీ చేయవచ్చు, ఎన్నికలు జరిపించవచ్చు, నాయకుణ్ణి బోను ఎక్కించవచ్చు, సీబ్రూక్ విషయంలో ఎక్కించారు కూడా. చాటుగా నడిచే కట్టుబాటును పట్టుకునే మార్గం లేదు. ఆరోపణ వచ్చిన ఉద్యోగికి విచారణలో తోడు కూర్చునే హక్కు వేరు, అతని మీద కేసు పెట్టకుండా అడ్డుకునే అధికారం వేరు. మొదటిది ప్రతి మనిషికీ ఉండాల్సింది, రెండోది ఏ సంఘానికీ ఉండకూడనిది. చట్టం ఈ గీత స్పష్టంగా గీయాలి.

ఇక మన దగ్గరికి వస్తే, వార్డరు బతుకును నిర్ణయించిన పత్రం కూడా డుకేన్ కాలంలోనే పుట్టింది. అది 1894 నాటి జైళ్ల చట్టం. దాని 54వ సెక్షన్ జైలరుకూ, అతని కింది ఉద్యోగులకూ వర్తించే నేరాలను వరసగా చెబుతుంది. విధి ఉల్లంఘన, అనుమతి లేకుండా గానీ రెండు నెలల ముందస్తు రాతపూర్వక నోటీసు లేకుండా గానీ పని మానుకోవడం, సెలవు ముగిసినా కావాలని రాకపోవడం, చివరికి పిరికితనం చూపడం కూడా నేరమే. శిక్ష 200 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. తాళాలు వేసే మనిషి అలిసిపోయి సెలవు పొడిగించుకుంటే తాళం లోపలికే వెళ్లే ఏర్పాటు అది. అదే చట్టం 23వ సెక్షన్ ఖైదీలను కూడా జైలు అధికారులుగా నియమించుకోవచ్చని ఒప్పుకుంటుంది. కాపలా పని ఎంత చవకగా జరిగితే అంత మంచిదన్న వలస పాలన లెక్క ఈ రెండు సెక్షన్లలో కనిపిస్తుంది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే అమల్లోకి వచ్చిన పారిశ్రామిక వివాదాల చట్టం కార్మికుడు అనే నిర్వచనం నుంచి సైన్యాన్ని, పోలీసులను, జైలు ఉద్యోగులను తప్పించింది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా అదే బాట పట్టింది.

ప్రభుత్వ ఉద్యోగిగా సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం నుంచి వస్తుంది. అయితే ఆ హక్కులో బేరసారాల హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1961లోనే చెప్పింది, ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో టి.కె. రంగరాజన్ కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. పోలీసులకు 1966 చట్టం ఆంక్షలు పెట్టినా, తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ పోలీసు అధికారుల సంఘాల పేర్లు పత్రికల్లో తరచూ కనిపిస్తాయి, హోంమంత్రులు వాళ్ల మాట వింటారు. జైలు వార్డరు కష్టం పత్రికకు ఎక్కేది ఎవరైనా ఖైదీ పారిపోయినప్పుడే, అదీ సస్పెన్షన్ వార్తగా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1948 నాటి 87వ ఒప్పందం సైన్యానికి, పోలీసులకు మాత్రమే మినహాయింపు ఇవ్వడానికి అనుమతిస్తుంది. జైలు సిబ్బందిని ఆ మినహాయింపులో కలపకూడదని ఆ సంస్థ సంఘ స్వేచ్ఛా కమిటీ పదేపదే చెబుతూ వచ్చింది. భారతదేశం ఆ ఒప్పందాన్ని ఇంతవరకు ఆమోదించలేదు.

దీని ఫలితం కాగితం మీద ఉండదు, బ్యారక్‌లో ఉంటుంది. 2022 చివర దేశంలోని జైళ్ల సామర్థ్యం 4.36 లక్షలైతే లోపల ఉన్నవారు 5.73 లక్షలు. వారిలో నూటికి 75 మందికి పైగా విచారణ ఖైదీలు. మంజూరైన జైలు పోస్టుల్లో దాదాపు 30 శాతం ఖాళీ. ప్రతి ఆరుగురు ఖైదీలకు ఒక కాపలా ఉద్యోగి ఉండాలని 2016 మోడల్ ప్రిజన్ మాన్యువల్ చెప్పిన లెక్క చాలాచోట్ల పుస్తకంలోనే ఉండిపోయింది. పొద్దున తాళాలు తీసి ఖైదీలను లెక్కపెట్టడంతో వార్డరు రోజు మొదలవుతుంది, సాయంత్రం లాకప్ వేళ మళ్లీ లెక్క సరిపోయేదాకా ముగియదు. మనుషులు తక్కువైతే లాకప్ ముందే పడుతుంది, ములాఖత్ కుదించుకుపోతుంది, ఆసుపత్రికి వెళ్లాల్సినవాడు రేపటికి ఆగుతాడు. తేడా వస్తే ముందు చార్జి మెమో అందేది వార్డరుకే. వార్డరు నిర్లక్ష్యం వల్ల ఖైదీ తప్పించుకున్నాడని తేలితే పాత శిక్షాస్మృతి 223వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు శిక్ష ఉండేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల క్రమశిక్షణ (సీసీఏ) నియమాల ప్రకారం శాఖాపరమైన విచారణలో తోటి ప్రభుత్వోద్యోగి సాయం తీసుకోవచ్చు. డ్యూటీ చార్టు ఎవరు వేశారు, ఆ రాత్రి ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయి అని గట్టిగా అడిగే ఆ తోటి ఉద్యోగి వెనక సంఘం అండ లేకపోతే, ఆ ప్రశ్న ఫైలులోకి చేరదు. చేరకపోతే ఖాళీల సంగతి పక్కకు పోయి వార్డరు ఒక్కడే దోషిగా మిగులుతాడు.

ఇంత చెప్పినా ఒక ప్రశ్న మిగులుతుంది. నెల జీతం, పింఛను, అధికారం ఉన్న ప్రభుత్వోద్యోగికి సంఘం కావాలంటున్నారు, నేరం రుజువు కాకుండానే ఏళ్లు గడుపుతున్న విచారణ ఖైదీ ఎవరితో చెప్పుకోవాలి? ఈ ప్రశ్న ముందు తలవంచాల్సిందే, ఖైదీ బాధే పెద్దది. అయినా ఖైదీ కోసం కోరేవన్నీ, డాక్టరు, చదువు, నైపుణ్య శిక్షణ, మానవీయమైన పలకరింపు, అమలు చేసే చేతులు వార్డరువే. 1980లో వేసిన జస్టిస్ ముల్లా కమిటీ 1983 నివేదికలో ఖైదీల పరిస్థితితోపాటు సిబ్బంది జీతాలు, వసతి, శిక్షణ మీద అధ్యాయాలకు అధ్యాయాలు రాసి, జాతీయ స్థాయిలో ఒక ప్రత్యేక సర్వీసు ఉండాలని సూచించింది. నలభై ఏళ్లు దాటినా ఆ సర్వీసు రాలేదు. అడగడానికి ఒక సంఘటిత గొంతు లేని డిమాండు బీరువాలోనే ఉండిపోవడం సహజం.

2023లో కేంద్రం రాష్ట్రాలకు నమూనా జైళ్ల చట్టం పంపింది. 1894 చట్టాన్ని మార్చే అవకాశం రాష్ట్రాల చేతిలో ఉంది, ఎందుకంటే జైళ్లు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల పరిధిలోవి. తెలుగు రాష్ట్రాలు ఆ మార్పుకు పూనుకుంటే సిబ్బంది అధ్యాయంలో నాలుగు విషయాలు రాసుకోవాలి. జైలు సిబ్బంది సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు, ప్రభుత్వంతో నిర్ణీత కాలవ్యవధుల్లో సంప్రదింపులు ఉండాలి. ఖైదీల ప్రాణాలు ముడిపడిన పని కాబట్టి సమ్మె హక్కు ఉండనక్కరలేదు. దానికి బదులు జీతాలు, పని గంటలు తేల్చే స్వతంత్ర మధ్యవర్తి ఉండాలి, ఆ మాటకు ప్రభుత్వం కూడా కట్టుబడాలి. విచారణలో ప్రాతినిధ్యం హక్కుగా ఉండాలి, హింస ఆరోపణల్లో కేసు ఆపే శక్తి ఏ సంఘానికీ ఉండకూడదు. తోటివారి తప్పును బయటపెట్టిన ఉద్యోగికి సంఘం నుంచీ, శాఖ నుంచీ కూడా రక్షణ ఉండాలి. బ్రిటన్ 1919లో తోసిపుచ్చిన గుర్తింపును 1939లో ఇచ్చింది, 1994లో సగం లాక్కుంది, ఆ తటపటాయింపుకు మూల్యం ఖైదీలూ, సిబ్బందీ ఇద్దరూ కట్టారు. ఆ వందేళ్ల అనుభవం మన ముందు పరిచి ఉంది. ఖైదీల హక్కుల కోసం మాట్లాడేవాళ్లు వార్డరు సంఘాన్ని ప్రత్యర్థిగా కాక ఉద్యమంలో భాగస్వామిగా చూడటం, వార్డర్ల తరఫున మాట్లాడేవాళ్లు ఖైదీ బాగును తమ డిమాండ్లలో మొదటిదిగా పెట్టుకోవడం, ఈ రెండూ ఒకేసారి జరిగితేనే ఆ అనుభవం మనకు పాఠమవుతుంది.